అంకమ్మ దగ్గు ఏరు దాటింది

అంకమ్మ ఇంతకుముందు ఏమీ రాసి ఎరగదు. ఐదో తరగతితో బడి మానేసి గొర్రెల వెనక పోయిన మనిషి. ఆ తరవాత అక్షరాలతో ఆమెకు పనల్లా రేషను కాడ సంతకం పెట్టడమే. "నేను" అని రాసుకోడానికి సిగ్గేసి, పక్కింటామె సంగతి చెప్పినట్టు "అంకమ్మ" అని రాస్తాంది. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

పొద్దున్నే అంకమ్మ కంటే ముందు ఆమె దగ్గు లేచేది. ఎదలోనుంచి లేచి, రెండు తడవలు గొంతు సవరించుకుని, తడిక తోసుకుని వీధిలోకి పోయేది. కొట్టాలపల్లెలో అందరికీ దాని దారి తెలుసు. మొదట చిన్నసుబ్బమ్మ టీ అంగడి కాడ ఆగి ఖళ్, ఖళ్ అనేది. చిన్నసుబ్బమ్మ ఆ పలుకు విని పొయ్యి అంటించేది. ఆడినుంచి పాలకేంద్రం, ఆడినుంచి బోరింగు. నీళ్లకొచ్చిన ఆడోళ్లు బిందెలు పక్కకు జరిపి దానికి దారిచ్చేవాళ్లు.

"ఏమే, అంకమ్మ దగ్గు పోయిందా?"

"ఇప్పుడే పాయ. ఈ పొద్దు కొంచెం బొంగురు పోయింది పాపం."

దగ్గు బయట తిరిగే ఆ రెండు గంటలే అంకమ్మకు ఊపిరి నిండుగా ఆడేది. తల దువ్వుకునేది, దొడ్డి ఊడ్చేది, సంగటి కెలికేది. పొద్దు బారెడెక్కినాక అది తిరిగొచ్చి ఎదలో ముడుచుకుని పండుకునేది. ఇంక ఆ దినమంతా దానితోనే.

ఈ రోగం మూడేండ్లది. మొదట టీబీ అన్నారు. ఒకసారి ఆరు నెలలు, ఇంకోసారి ఎనిమిది నెలలు మందులు మింగింది, తగ్గలేదు. ఆఖరికి మొగుడు కుళ్లాయప్ప నాలుగు పొట్టేళ్లను అమ్మి రాయవేలూరు పెద్దాసుపత్రికి పిలుచుకుపోయినాడు. ఆడ కళ్లె తీసుకుని, దాంట్లోని పురుగును నెలన్నర పెంచి చూసి, డాక్టరమ్మ చెప్పింది.

"ఇది టీబీ కాదమ్మా, దాని దాయాది. మట్టిలో, నీళ్లలో ఉంటుంది. ఒకరినుంచి ఇంకొకరికి అంటుకోదు. కానీ మొండిది. మూడు రకాల మాత్రలు, ఏడాదిన్నర మింగాలి. నడిమధ్యలో ఆపితే తిరగబడుతుంది."

అంటుకోదని కుళ్లాయప్ప ఊరంతా చెప్పినాడు. ఊరు తలూపింది గానీ, అంకమ్మ లోటా అంకమ్మదే, పళ్లెం వేరే, పడక గొర్రెల కొట్టంలోనే. ఇదేందని అడిగే నోరు ఆమెకు లేదు. నలుగురు కనబడితే కొంగు మూతికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగే మనిషి.

ఐదో నెలకొచ్చేసరికి నోట్లో ఎప్పుడూ మేకు చప్పరించినట్టే ఉండేది. తిన్నది కడుపులో ఇమిడేది కాదు. వీటన్నిటికంటే ఇంకో బాధ ఎక్కువైంది. ఇంత పెద్ద కడప జిల్లాలో ఈ రోగం తనకొక్కదానికే వచ్చినట్టుంది. ఎవరితో చెప్పుకోవాలి? ఈ నెల మాత్రలైపోతే మళ్లీ తెప్పించుకోకూడదని మనసులో అనుకుంది.

సరిగ్గా అప్పుడే దగ్గు ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. రెండు గంటలది మూడు, మూడుది నాలుగు. ఇంటికొచ్చేసరికి దానికి తడి ఇసక అంటుకుని ఉండేది. అది ఏరు దాటుతాందని గొర్రెల కాపర్లు చూసి చెప్పినారు.

పెన్నేటికి అవతల బండమీదిపల్లె. వాళ్లదొక పార్టీ, కొట్టాలపల్లెది ఇంకో పార్టీ. ఆరేండ్ల కిందట ఎలక్షన్లలో బాంబులు పడి రెండూర్లలోనూ మనుషులు పోయినాక ఎవరూ ఏరు దాటింది లేదు. జమ్మలమడుగు బస్సు బండమీదిపల్లె కాడనే ఆగుతుంది. అందుకని కొట్టాలపల్లెవాళ్లు జమ్మలమడుగు పోవాలంటే ప్రొద్దుటూరు చుట్టుకుని పోయేవాళ్లు.

ఊరి పార్టీకి పెద్ద గంగులయ్య. ఆయన కుళ్లాయప్పను పిలిపించినాడు.

"ఏం కుళ్లాయప్పా, నీ పెండ్లాం దగ్గు ఏరు దాటతాందంట?"

"దగ్గు గదన్నా. దానికి పార్టీ ఏం తెలుసు?"

"తెలీకపోతే నువ్వు చెప్పల్ల. మనం ఈడ మాట్లాడుకునేదంతా ఆడికి పోయి దగ్గితే?"

"దానికొచ్చేది ఒకటే మాటన్నా."

"ఆ ఒక్క మాటతోనే సైగలు చేసేవాళ్లుంటారు. నువ్వు అమాయకునివి."

కుళ్లాయప్ప గొర్రెలోళ్ల బిడ్డ. మంద విడిచి పోయే మేకకు ఏం చేయాలో ఆయనకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఇంటికొచ్చి, పాత ఇత్తడి గంట ఒకటి దారానికి గుచ్చి దగ్గు మెడకు కట్టినాడు.

"యాడికి పోయినా చప్పుడు తెలుస్తాదిలే," అన్నాడు.

"పోనీ మామా, మేకకన్నా అదే నయం, ఎవరి చేనూ మేయదు," అంది అంకమ్మ.

మర్నాడు దగ్గు గణగణమంటా తిరిగొచ్చింది. గంటకు మడిచిన కాయితమొకటి ఎర్ర దారంతో కట్టి ఉంది. అంకమ్మ కొట్టంలో కూచుని, అక్షరమక్షరం కూడబలుక్కుని చదివింది.

"గంట కట్టుకున్న దగ్గు తాలూకు మనిషికి, బండమీదిపల్లె బడి పంతులమ్మ సంతోషమ్మ రాయునది. మీ దగ్గు నెల దినాలుగా మా అరుగు మీదికొచ్చి నా దగ్గు పక్కన కూచుంటాంది. రెండింటి గొంతూ ఒకటే. మీకూ రాయవేలూరు మాత్రలేనా? నాకు పదకొండో నెల. నోరు చేదుగా ఉంటే బెల్లంముక్క చప్పరించండి. ఒంటేలు నారింజ రంగులో పోతే భయపడొద్దు, అది మందు రంగు. ప్రొద్దుటూరులో బట్టలు కుట్టే మైమూన్ కూడా మన మనిషే. రెండో శనివారం నేను ఆమె ఇంటికి పోతాను. మీరూ రండి. ప్రొద్దుటూరుకు పార్టీ లేదు."

అంకమ్మ ఆ ఉత్తరం నాలుగు తడవలు చదివింది. "మన మనిషే" అన్న కాడ ప్రతి తడవా ఆగింది.

రెండో శనివారం, గొర్రెలకు మందు తెస్తానని చెప్పి ప్రొద్దుటూరు బస్సెక్కింది. మైమూన్ ఇల్లు సందు చివర. గడప బయట చెప్పులు విడిచింది. దగ్గును కూడా అరుగు మీద విడిచింది. అప్పటికే అరుగు మీద ఒక దగ్గు కూచోనుంది. రెండూ పాత నేస్తాల్లాగా మొదలుపెట్టినాయి.

"రా తల్లీ రా, బైఠో," అంది మైమూన్. మిషను ముందు కూచున్న లావుపాటి మనిషి, మెడలో టేపు. "నువ్వేనా గంటామె?"

సంతోషమ్మ సన్నగా, పొడుగ్గా, కళ్లద్దాలతో ఉంది. అంకమ్మను ఎగాదిగా చూసి, "ఇంతకీ మీ పార్టీవాళ్లకు కూడా నారింజ రంగేనా?" అని అడిగింది.

అంకమ్మకు నవ్వాలో పారిపోవాలో తెలీలేదు.

"నా ఇంట్లో పార్టీ మాటలొద్దు," అంది మైమూన్. "ఒంటేలు మాటలైతే ఎన్నైనా చెప్పుకోండి."

అంకమ్మ కొంగులోనుంచి నవ్వు బయటికొచ్చింది. మూడేండ్లయింది ఆ నవ్వు విని.

మైమూన్ ఒకే పళ్లెంలో ఉగ్గాని పెట్టి, మిరపకాయ బజ్జీలు వేసి, నడిమధ్యలో ఉంచింది. అంకమ్మ చెయ్యి చాపలేదు. "నాకు విడిగా ఆకులో పెట్టక్కా," అంది.

"ఎందుకు?"

"అలవాటు."

మైమూన్ అంకమ్మ తాగి పెట్టిన లోటా తీసుకుని, మిగిలిన నీళ్లు గటగటా తాగి మూతి తుడుచుకుంది. "డాక్టరు చెప్పినాక ఇంకా అలవాటేంది? తిను, ఆరిపోతాది."

అంకమ్మ తినింది. కన్నీళ్లకు ఉగ్గాని కాస్త ఉప్పెక్కింది గానీ బాగుంది.

తర్వాత, ఈ నెలతో మాత్రలు ఆపేద్దామనుకున్నానని చెప్పేసింది. తిడతారనుకుంది.

"నేనూ ఆపినా," అంది సంతోషమ్మ. "మూడో నెల. ఇరవై దినాలు. పిల్లి మాదిరి ఉన్న దగ్గు కోడెదూడ అయ్యి కూచుంది. మంచంలోనుంచి లేవనిస్తేనా!"

"నీదేది అక్కా? అరుగు మీద రెండే ఉండాయి," అని అంకమ్మ మైమూన్ను అడిగింది.

"నాది పోయిందిలే. ఇరవై నెలలు మింగితే పోయింది. పండక్కి మాత్రం చుట్టం మాదిరి వస్తాది, సేమ్యా తిని పోతాది."

ఆ సాయంత్రం ముగ్గురూ ఒక మాట అనుకున్నారు. పొద్దున మాత్రలు మింగినాకే దగ్గును బయటికి పంపాలి. బండమీదిపల్లె అరుగు మీద అంకమ్మ దగ్గు రెండు తడవలు పలికితే, కొట్టాలపల్లెలో మాత్రలు దిగినట్టు. సంతోషమ్మది ఇవతలికొచ్చి పలికితే అటూ దిగినట్టు. నెలకొకసారి మైమూన్ ఇల్లు.

అట్లా నాలుగు నెలలు గడిచినాయి. అంకమ్మ బుగ్గలకు కండ పట్టింది. దగ్గు కూడా మెత్తబడింది.

అప్పుడు పంచాయితీ ఎలక్షన్లొచ్చినాయి. గంగులయ్య ఊరంతా కట్టుదిట్టం చేసినాడు. దగ్గు ఏరు దాటకూడదన్నాడు. ఆడోళ్లు ప్రొద్దుటూరు పోకూడదన్నాడు. కుళ్లాయప్ప మీద నమ్మకం లేక, దగ్గును తన ఇంటికే తెప్పించుకుని, కోడిని కమ్మినట్టు గంప కింద కమ్మి, పైన రోకలి పెట్టినాడు.

దగ్గు ఎదలో లేకపోతే హాయిగా ఉండాల్సింది. కానీ గంప కింద దానికి ఊపిరాడక, ఈడ అంకమ్మకూ ఊపిరాడలేదు. అవతలనుంచి సంతోషమ్మ దగ్గును కూడా రేవు కాడనే తరిమేసినారు. పలుకుకు పలుకు లేదు. మాత్రలు చేతిలో పోసుకుని చూసేది, మళ్లీ డబ్బాలో వేసేది. ఒక దినం, రెండు దినాలు, నాలుగు దినాలు.

"మింగు, నీ పుణ్యముంటాది," అని కుళ్లాయప్ప బతిమాలినాడు.

"ఎవరికి చెప్పుకోడానికి మామా?" అని గోడకు తిరిగి పండుకుంది.

ఐదో దినం మధ్యాన్నం గంగులయ్య ఇంటి ముందర పార్టీ మీటింగు. వందమంది కూచున్నారు. గంగులయ్య లేచి, "మన ఊరి మాట మన ఊర్లోనే..." అంటాండగా, గంప కిందనుంచి ఖళ్, ఖళ్ అని వినబడింది. గంగులయ్య గొంతు పట్టుకున్నాడు. కండువా మూతికి నొక్కుకున్నాడు. మొహం కందగడ్డ అయింది. వందమందీ చూస్తాండగానే ఆయన ఎదలోనుంచి ఒక దగ్గు బయటికి దూకింది. ఎంత పెద్దదంటే, రెండేండ్లు లోపల్లోపలే మేపిన పొట్టేలంత. అది పోయి గంపను ఒక్క కుమ్ము కుమ్మింది. రోకలి ఒక పక్క, గంప ఒక పక్క. రెండు దగ్గులూ కలిసి వీధిలో పడి, రేవులో దిగి, ఏరు దాటిపోయినాయి.

దీపాలు పెట్టే వేళకు అంకమ్మది తిరిగొచ్చింది. గంగులయ్యది రాలేదు.

ఆయనే వచ్చినాడు, ఒక్కడే, గొర్రెల కొట్టానికి. నులక మంచం పట్టె మీద కూచున్నాడు. గొర్రెలు నెమరేస్తాండాయి.

"అంకమ్మా, నాది యాడుంది?"

"పంతులమ్మ అరుగు మీదుంటాదన్నా."

"పోయి తెచ్చియ్యి తల్లీ. నాయకుడు దగ్గుతాండాడని వాళ్లకు తెలిస్తే ఇంకేముంది? అందుకే గదా రెండేండ్లు మింగుకుంటా వచ్చినా."

"కళ్లెలో నెత్తురు పడతాందా?"

గంగులయ్య గొర్రెల వైపు చూసినాడు. ఎప్పుడూ చూపుకే జనం లేచి నిలబడే మనిషి, కండువా అంచు వేలికి చుట్టుకుంటా కూచున్నాడు. అంకమ్మకు ఆయనలో మూడేండ్ల కిందటి తనే కనబడింది.

"ఎవరి దగ్గు వాళ్లే పోయి తెచ్చుకోవల్లన్నా," అంది. ఆ మాట తన నోట్లోనుంచే వచ్చిందా అని ఆమెకే అనుమానమొచ్చింది. అయినా ఆపలేదు. "ఆ ఊరు దాటితే జమ్మలమడుగు బస్సు. ఆడ ఆసుపత్రిలో కళ్లె పరీక్ష చేస్తారు. నీది ఏ రోగమో వాళ్లే చెప్తారు. టీబీ అయితే ఆరు నెలలు. దాని దాయాది అయితే ఏడాదిన్నర, మేముండాం."

"ఆ ఊర్లో నన్ను సంపుతారు."

"సంపరు. నేను ముందర నడుస్తా."

"నీతో ఎవరెవరొస్తారు?"

"ఎవరూ రారు. నువ్వూ ఒక్కనివే రావల్ల. కత్తీ కటారీ లేకుండా. ఈ రోగంతో ఉండేవాళ్లకు అది శానా బరువన్నా."

మర్నాడు పొద్దున అంకమ్మ మాత్రలు అరచేతిలో పోసుకుని, ఒక్కొక్కటే మింగింది. చీర మోకాళ్ల దాకా ఎగగట్టి రేవులో దిగింది. వెనక పది అడుగుల దూరంలో, పంచె పైకి పట్టుకుని గంగులయ్య. అవతలి గట్టు మీద ఆరేడుమంది మగోళ్లు చూసి గబుక్కున లేచి నిలబడినారు. ఒకడు తుమ్మచెట్టుకు ఆనించిన కట్టె అందుకున్నాడు.

అంకమ్మ గట్టెక్కింది. కొంగు మూతికి పెట్టుకోలేదు. ముందునున్నవాని మొహంలోకి నేరుగా చూసి, గొర్రెలను అదిలించే గొంతుతో, "పేషెంటును పిలుచుకుపోతాండా. ఏడు గంటల బస్సు పోతాది, పక్కకు జరగండి," అంది.

జరిగినారు.

పంతులమ్మ అరుగు మీద గంగులయ్య దగ్గు, దారి మరిచిన దూడ మాదిరి బిక్కమొహం వేసుకుని ఉంది. గంగులయ్య దాన్ని భుజానికెత్తుకున్నాడు. సంతోషమ్మ రోడ్డుకు అడ్డం నిలబడి బస్సు ఆపింది. అంకమ్మ ఆయన్ను ముందు సీట్లో కిటికీ పక్కన కూచోబెట్టి, అద్దం పూర్తిగా తెరిచింది. కొత్త పేషెంట్లకు గాలి కావల్ల.