దూలం మీద ఏడంకెలు

చేతిలో రంద ఉన్నంతసేపు మనసులో రంది ఉండదనేవాడు రాజేశం. రంద అంటే కొయ్యకు చిత్రిక పట్టే పనిముట్టు. రంది అంటే మనిషికి చిత్రిక పట్టే దిగులు. జగిత్యాల పక్క ఊళ్లో వడ్రంగం నేర్చి, ఎనిమిదేళ్లుగా జెడ్డా జిడ్డు గాలిలో, సముద్రం ఒడ్డున ఒక బోటు యార్డులో కొయ్యపని చేస్తున్నాడు. ఆ ఉప్పుగాలిలో ఉప్పుకాగితం పట్టి ఆయన రుద్దిన బల్ల మీద ఈగ వాలితే కాలు జారుతుందని తోటివాళ్లు అంటారు.

ఆ బుధవారం పొద్దున మాత్రం రంద చేతిలో ఉండగానే రంది వచ్చి గుండెలో కూర్చుంది.

కారణం ఒక తెరచాప పడవ. అమెరికా ఇంజనీరు ఒకాయన సెలవు రోజుల్లో సరదాకి తిప్పుకునేవాడు. ఇప్పుడు అమ్మకానికి పెట్టాడు. అమ్మేముందు పడవ తనిఖీ, అదే సర్వే, జరగాలి. సర్వే పాసైన నిమిషంలో రాజేశానికి ఊరికి పోయి తిరిగొచ్చే ఎగ్జిట్ రీఎంట్రీ వీసా కొట్టిస్తానని సూపర్‌వైజరు సురేంద్ర మాటిచ్చాడు. కూతురు ప్రేమలతకు నెలలు నిండాయి, తొలి కాన్పు. శుక్రవారం విమానానికి టికెట్టు తీసి ఉంది. గురువారం మధ్యాహ్నం ఆఫీసు మూస్తే మళ్లీ తెరిచేది ఆదివారం. సర్వే ఆగిందంటే సర్వం ఆగినట్టే.

సర్వే చేసే షాబాజ్‌ది కరాచీ. సన్నటి మనిషి, చేతిలో లావుపాటి టార్చిలైటు. పడవ అడుగుభాగం చూశాడు, ఇంజను చూశాడు, చాపలు విప్పించి చూశాడు. అన్నిటికీ టిక్కులు పెట్టి, కిందకి దిగి గదిలో నిలబడి, పైకప్పు కింద అడ్డంగా ఉన్న టేకు దూలం మీద వెలుగు వేశాడు. ఒకసారి ఇటు, ఒకసారి అటు.

“నంబర్ కహాఁ హై?” అన్నాడు.

“ఏ నంబరు సార్?” అని సురేంద్ర ఇంగ్లీషులో అడిగాడు.

షాబాజ్ కాగితం చూపించాడు. ఇది అమెరికా ప్రభుత్వ పుస్తకాల్లోకి ఎక్కిన పడవ. అలాంటి పడవకు ప్రభుత్వం ఒక నంబరు ఇస్తుంది. దాన్ని పడవ లోపల, కదలని భాగం మీద, మూడంగుళాల అంకెలతో కళ్లకు కనబడేలా వేసి తీరాలి. దీనికి దూలం మీద చెక్కినట్టు పాత సర్వేలో రాసుంది. దూలం మాత్రం అద్దంలా ఉంది. అందులో షాబాజ్ మొహం కనబడుతోంది గానీ నంబరు కనబడటం లేదు.

మెట్ల దగ్గర ఉలి పట్టుకు నిలబడ్డ రాజేశం ఉలిక్కిపడ్డాడు.

సంగతేమిటంటే, యార్డుకి వచ్చిన కొత్తలో ఆయనకి లేబర్ క్యాంపు మంచాలు బాగుచేసే పని ఇచ్చారు. పని వదిలేసి ఎగ్జిట్ మీద ఊరికి పోయే ప్రతివాడూ పోతూ పోతూ మంచం పట్టె మీద మేకుతో ఏదో ఒక నంబరు గీకి పోయేవాడు. ఒకడు ఫోను నంబరు, ఒకడు అక్కడ ఉండనిచ్చే గుర్తింపు కార్డు ఇకామా నంబరు, మరొకడు ఊరికి పోయే తేదీ. కొత్తగా వచ్చినవాడు ఇంకొకడి నంబరు మీద పడుకోవడం ఏం బాగుంటుందని, రాజేశం ఆ గీతల్లో టేకు పొట్టు కలిపిన లప్పం కూరి, రుద్ది, పాలిష్ కొట్టేవాడు. రెండేళ్లలో నాలుగైదు వందల మంచాలు. చివరికి కొయ్య మీద అంకె కనబడితే బుర్రతో పనిలేకుండా చెయ్యే లప్పం అందుకునేది.

పది రోజుల కింద ఈ పడవలో దూలం మీద ఏడంకెలు కనబడ్డాయి. అంచులు వంకరగా ఉన్నాయి. పాపం, ఎవడో పనివాడు గీకిపోయాడనుకున్నాడు. మెరుగు పెట్టి మరుగు చేసేశాడు.

సురేంద్ర ఆయన్ని రెక్క పట్టుకుని పైకి తీసుకొచ్చాడు. కాకినాడ మనిషి, కోపం వస్తే గొంతు తగ్గుతుంది.

“పది రోజులు లోపలే ఉన్నావు కదయ్యా. చూళ్ళేదా?”

“చూసిన సార్. నేనే పూడ్చిన.”

“పూడ్చావా? ఎవడు పూడ్చమన్నాడు నిన్ను?”

“మంచాల మీద గీకినట్టే ఉండె సార్. గలీజ్ కొడుతున్నదని...”

“గలీజా? పడవకి అది ఇకామా నంబరయ్యా బాబూ. నువ్వు దాని ఇకామా చెరిపేశావు.” సురేంద్ర కిందకి ఒకసారి తొంగిచూశాడు. “సరే, నోరు మెదపకు. నంబరు కాగితంలో ఉంది కదా, స్టిక్కరు కొట్టించి అంటిద్దాం.”

స్టిక్కరు మాటకి షాబాజ్ చిక్కలేదు. అంటించింది ఊడుతుంది, ఊడితే ఇంకోటి అంటుతుంది. పీకినా మార్చినా ఆనవాలు మిగలాలి, అదీ రూలు అన్నాడు. అయితే గంటలో కొత్తగా చెక్కిస్తానన్నాడు సురేంద్ర. షాబాజ్ పెన్ను మూత పెట్టేశాడు. పాత నంబరు దొరకని పడవలో కొత్త నంబరు చెక్కడం దొంగ పడవలవాళ్లు చేసే పని. తను అనుమానం అని రాస్తాడు. ఫైలు అమెరికా వెళ్తుంది. తిరిగొచ్చేసరికి నెల, నెలన్నర.

నెలన్నరకు పుట్టే బిడ్డ పుట్టి, పేరు పెట్టించుకుని, నవ్వడం కూడా నేర్చుకుంటుంది. రాజేశం సురేంద్ర వంక చూశాడు. సురేంద్ర తల అడ్డంగా ఊపాడు. యార్డు తప్పని తేలితే సెలవు సంగతి మర్చిపొమ్మని ఆ ఊపుకి అర్థం. మాట్లాడకపోతే పోయే సెలవే, మాట్లాడినా పోయేట్టుంది. ఎట్లాగూ పోయేదానికి మాట్లాడే పోనిద్దామనుకున్నాడు రాజేశం.

“సాబ్, నంబర్ ఇధరీచ్ హై. మైనే భర్ దియా,” అన్నాడు. ఇక్కడే ఉంది, నేనే పూడ్చాను అని.

షాబాజ్ దూలాన్ని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అరచేత్తో తడిమాడు. ఎక్కడా గోరు కూడా ఆగలేదు. “కహాఁ, చాచా?” అన్నాడు.

రాజేశం దగ్గరికొచ్చి చూశాడు. ఆయనకీ కనబడలేదు. వేళ్లతో తడిమాడు, చెంప ఆనించి చూశాడు, టార్చి అడ్డంగా పట్టించి చూశాడు. తన పనితనం తననే వెక్కిరిస్తోంది. సురేంద్ర ఇక్కడా, అక్కడా అని వేలు చూపించబోతే, “మీరు జర జరుగుండ్రి సార్, వెలుగు ఆగుతున్నది,” అన్నాడు. ఎనిమిదేళ్లలో సూపర్‌వైజరుకి ఆయన చెప్పిన మొదటి ఆర్డరు అది. సురేంద్ర జరిగాడు.

మిగిలింది ఒకటే దారి. రాజేశం గీకుడురేకు తీసుకుని దూలం మీద పాలిష్ గీకడం మొదలుపెట్టాడు. ఆరు పూతల పాలిష్. పూతకీ పూతకీ మధ్య ఒక రోజు ఆరబెట్టి, రుద్ది, తుడిచి వేసినది. అది చుట్టలు చుట్టలుగా నేల మీద రాలింది. దూలం మీద చేయి చేసుకున్నందుకు బాగానే దూల తీరుతోందని నవ్వుదామనుకున్నాడు గానీ నవ్వు రాలేదు.

పచ్చి కొయ్య బయటపడ్డాక గుడ్డని థిన్నరులో ముంచి తుడిచాడు. టేకు నల్లబడింది. ఒకచోట మాత్రం నల్లబడకుండా పాలిపోయిన గీత నిలిచింది. దాని పక్కన వంపు. తుడిచిన కొద్దీ ఏడంకెలూ నీడల్లా వరసగా పైకి తేలాయి.

“ఠహరో,” అని ఆపి షాబాజ్ ఒక ఫోటో తీసుకున్నాడు. తర్వాత “అబ్ ఖోదో,” అన్నాడు. ఇక తవ్వు అని.

సన్న ఉలితో, చిన్న సుత్తితో రాజేశం లప్పం తవ్వాడు. కూరడం కంటే తీయడం కష్టమైంది. అంచు ఒక్క నలుసు పగిలినా కొత్తగా చెక్కినట్టే అవుతుంది. మొదటి అంకెకే ముప్పావుగంట పట్టింది. లోపల గాడి అడుగున నల్లబడిన పాత వార్నీషు బయటపడింది. షాబాజ్ టార్చి దగ్గరగా పెట్టి, గోటితో గీకి, వాసన చూశాడు. ఇరవై ఏళ్ల కిందటి వార్నీషు నిన్న రాత్రి పుట్టదు. ఆయన మడత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఏడో అంకె అయ్యేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. షాబాజ్ స్కేలు పెట్టి ఎత్తు కొలిచాడు, కాగితంతో అంకెలు సరిచూశాడు, టిక్కు పెట్టాడు.

అద్దంలాంటి దూలం మధ్యలో మూరెడు మేర తోలు లేచిన గాయంలా ఉంది. రాజేశం చెయ్యి దానంతటదే పాలిష్ డబ్బా వైపు పోయింది.

“చాచా,” అన్నాడు షాబాజ్, కాగితం మీంచి తల ఎత్తకుండానే. “ఐసే హీ రహ్నే దో.”

అలాగే ఉండనిచ్చాడు. డబ్బా మూతపెట్టడం ఆ రోజు మొత్తంలో కష్టమైన పని.

సాయంత్రం సురేంద్ర ఆఫీసుకి పిలిచాడు. ఫోనులో ఏదో నొక్కుతూనే అన్నాడు. “ఓనరుకి ఫోన్ చేసి చెప్పాను. అమ్మకం ఆగలేదు కాబట్టి ఏమన్లేదు. నేనైతే అంటాను. అరవై రోజులడిగావు కదా, నలభై ఐదే ఇస్తున్నాను.”

“మంచిది సార్.”

“కోపం లేదా?”

“నలభై ఐదు కూడా రోజులే గద సార్.”

సురేంద్ర ఇంకోసారి నొక్కాడు. రాజేశం జేబులో ఫోను గుర్రుమంది. వీసా వచ్చేసింది.

బయటికొచ్చి భార్య ముత్యవ్వకి ఫోన్ చేశాడు. శుక్రవారం బయలుదేరుతున్నానన్నాడు. ప్రేమలతకు నిన్నటి నుంచి నడుం నొప్పి, ఇయ్యాలనో రేపో దవాఖానకు తోల్కపోవాలె, నువ్వొచ్చేదాక ఆగుతదో లేదో అంది ముత్యవ్వ. ఎన్ని రోజులుంటావని అడిగింది. చెప్పాడు.

“రెండు నెల్లంటివి గద. పదిహేను రోజులెందుకు కోసిండ్రు?”

రాజేశం గోళ్లలో ఇరుక్కున్న లప్పం దులుపుకున్నాడు.

“పని మంచిగ జేసినందుకు,” అన్నాడు.