వద్దన్న నోమిన్

నోమిన్‌కు కథలతో భాష నేర్పిన పాపం నాదే. వ్యాకరణం చెప్పి ఊరుకుంటే ఆ పిల్ల ఇవాళ పెట్టె సర్దుకునేది కాదు.

జపాన్‌లో మా ఊరి వృద్ధాశ్రమంలో ముసలివాళ్లను చూసుకోవడానికి మంగోలియా నుంచి వచ్చింది. ఆ ఆశ్రమంలో పనిచేసే విదేశీయులకు వారానికి రెండు రోజులు జపనీస్ చెబుతాను. నోమిన్ ఇంకో ఏడాది ఉంటే ఆ పనికి సర్టిఫికెట్ పరీక్ష రాయొచ్చు. గట్టెక్కితే ఆరేళ్ల కూతుర్ని తెచ్చుకోవచ్చు. ఆ ఆశ మీదే బతుకుతోంది.

ముసలమ్మలు "టీ వద్దులే" అనగానే కప్పు తీసుకెళ్లిపోయేది. వాళ్లు గొంతెండి కూర్చునేవారు. అందుకని ఒక కథ చదివించాను. అందులో వానకు తడిసి వచ్చిన చుట్టం, కడుపు కాలుతున్నా, అన్నం రెండుసార్లు వద్దని మూడోసారి తీసుకుంటుంది.

"ఆకలైతే వద్దనడమేంటి టీచర్? మా దగ్గర గిన్నె వెనక్కి తోస్తే ఇంటావిడ మొహాన కొట్టినట్టే!"

"ఇక్కడ అడగ్గానే చెయ్యి చాపితే కక్కుర్తనుకుంటారమ్మా. అడిగినవాళ్లు మళ్లీ అడుగుతారులే."

"మీవాళ్లకి ఓపిక జాస్తి" అని నవ్వింది. మర్నాటి నుంచి ముసలమ్మలందరూ టీ తాగారు. నేను పొంగిపోయాను.

గురువారం క్లాసుకు వాడిన మొహంతో వచ్చింది. సోమవారం మేనేజర్ కువబారా పిలిచి, ఇంకో ఏడాది ఉంటావా అని అడిగాడట.

"వద్దండీ, మీకెందుకు శ్రమ అన్నాను. సరే అన్నారు. అక్కడే నించున్నాను టీచర్. మళ్లీ అడగలేదు."

ఆఫీసులోకి పరుగెత్తాను. "అది మర్యాదకి అన్న మాటండీ! ఉండాలనే ఉంది తనకి!"

కువబారా తెల్లబోయాడు. "మనవాళ్లైతే మళ్లీ అడిగేవాణ్ణే టీచర్‌గారూ. విదేశీయులు మనసులో ఉన్నదే అంటారు కదా, ఇబ్బంది పెట్టడమెందుకని ఊరుకున్నా. నిన్ననే తన చోట్లోకి ఇంకో అమ్మాయిని రమ్మని ఉత్తరం పంపేశాం."

ఆ పిల్లని ఉంచుకోమని, సిగ్గు విడిచి నేల మీద మోకరిల్లి నుదురు ఆనించాను. ఆయనా దిగి నాకెదురుగా నుదురు ఆనించి, క్షమించమన్నాడు. ఇద్దరం అలాగే ఉన్నాం. నాకు ఏడుపు ఆగలేదు.

వెనకాలే వచ్చిన నోమిన్, ముసలివాళ్లను లేపినట్టే నా చంకల కింద చేతులు వేసి లేపింది. తర్వాత ఆయనకు వంగి నమస్కరించి, ఇన్నాళ్లూ తన వల్ల కలిగిన ఇబ్బందులకు మన్నించమని, చూపిన దయ మరువనని చెప్పింది. ఒక్క తప్పు లేదు.

కువబారా కళ్లు మెరిశాయి. "అబ్బ, ఎంత బాగా నేర్పారు టీచర్‌గారూ! అచ్చం మన పిల్లలాగే మాట్లాడుతోంది."