తేదీ ముందా, నెల ముందా?

ఆసుపత్రికి యాప్ తయారుచేసిన ఆఫీసులో ఒక ప్రోగ్రామరమ్మాయిని అందరూ పేచీ అనే పిలిచేవారు. తప్పు కనబడితే తాడో పేడో తేల్చందే వదలదని.

ఒకరోజు రిటైరైన బస్సు డ్రైవరొకాయన కూతురి చెయ్యి పట్టుకుని అక్కడికి వచ్చాడు. కంటి ఆపరేషను తర్వాత చూపించుకోవలసిన రోజుకు ఆయన నెల ఆలస్యంగా వెళ్లాడు. ఈలోగా కంటికి చీము పట్టింది. ఆసుపత్రి వాళ్లు చీటీలో ‘రోగి తేదీ మరిచారు’ అని రాసి చేతులు దులుపుకున్నారు.

“ముప్పై ఏళ్లు టైము తప్పకుండా బండి నడిపినవాణ్ణమ్మా. మీ యాప్ జూన్ ఐదంది, జూన్ ఐదునే వెళ్లాను. మతిమరుపు నాకా?” అని ఫోను చూపించాడు.

“కూర్చోండి బాబాయ్, చూస్తాను.”

ఆసుపత్రి సర్వరు పంపిన సమాచారం తెరిచింది పేచీ. ఆయన తేదీ 05/06 అని ఉంది. ఆ సర్వరు నెలను ముందు రాస్తుంది. అంటే మే ఆరు. యాప్ ముందున్నది రోజనుకుని జూన్ ఐదు చేసింది. పన్నెండు దాటిన తేదీలతో ఈ చిక్కు లేదు. పదమూడో నెలంటూ ఉండదు కాబట్టి యాప్ వాటిని తిరగేసి సరిగ్గానే చదివేది. అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు.

మేనేజరు విని నుదురు రుద్దుకున్నాడు. “చప్పుడు చేయకుండా సరిచేసెయ్. రిపోర్టులో ‘చిన్న మార్పులు’ అని రాయి చాలు. తేనెతుట్టె కదపడం ఎందుకమ్మా?”

“కుట్టించుకున్నది ఆయన సార్, మనం కాదు.”

“నీ ఉద్యోగానికే ఎసరొస్తుంది.”

“రానివ్వండి. మన తప్పు ఆ పెద్దాయన నెత్తిన రుద్ది నేను ముద్ద మింగలేను.”

యాప్ ఇక తేదీని ఊహించకుండా, నెల ముందున్నట్టే చదివేలా, కుదరకపోతే అక్కడే ఆగిపోయేలా మార్చింది. తప్పు తేదీ అందుకున్నవాళ్లను ఏరితే నలభై ఒక్కమంది తేలారు. ఆ జాబితాతో ఆసుపత్రికి ఉత్తరం రాసింది: ‘తప్పు మా యాప్‌ది, రోగులది కాదు.’ మేనేజరు మాట గుర్తొచ్చింది. అయినా పంపింది.

మర్నాడు ఆసుపత్రి నుంచి వాళ్లందరికీ ఫోన్లు వెళ్లాయి. పందొమ్మిది మందికి అసలు తేదీ ఇంకా దాటలేదు. డ్రైవరుగారి చీటీలో ‘మరిచారు’ అన్న మాట కొట్టేసి పెద్ద డాక్టరు సంతకం పెట్టాడు. ఆ కంటి చూపు మాత్రం సగమే మిగిలింది.

మేనేజరు ఆమెను ఆ పని నుంచి తప్పించి మూలబల్లకు పంపాడు.

“ఎందుకే నీకీ గొడవంతా?” అంది పక్క సీటు స్నేహితురాలు.

“రేపు మళ్లీ ఇలాగే జరిగినా ఇదే రాస్తాను,” అంటూ పేచీ తన కుర్చీని తనే ఈడ్చుకుంటూ వెళ్లింది.