గ్లాసు పట్టుకున్న చెయ్యి

"అడుగు మందంగా ఉన్న గ్లాసు కడిగి తీసుకురా. మరకుంటే నా పరువు పోతుంది!" హాల్లోంచి కేకేశాడు భర్త.

ఆమె చేతులు సబ్బునురగలో ఉన్నాయి. కళ్ళు మాత్రం కిటికీ గట్టున నిలబెట్టిన ఫోను మీదున్నాయి. ఇక్కడ మధ్యాహ్నం, భోజనాల వేళ. వాళ్ళ ఆఫీసు టెలిస్కోపు ఉన్న కొండ మీద, సముద్రాల అవతల, చిమ్మచీకటి. అక్కణ్ణుంచి ఫోనుకొచ్చే గ్రాఫులో వారంగా ఓ నక్షత్రం వెలుగు నున్నటి గీతలా పెరుగుతోంది. ఇప్పుడు రెండు చుక్కలు ఆ గీతను వదిలి పైకి ఎగిరాయి.

ఆమె తడిచేతులతోనే భర్త దగ్గరికి పరుగెత్తింది. ఇంట్లో మొగుడు, ఆఫీసులో పైఅధికారి, రెండూ ఆయనే.

"ఏవండీ, టెలిస్కోపు దాని మీదే ఉంచమనండి. గ్రహంలా ఉంది."

"కెమెరా లోపం. ఆ చుక్కలు తీసేయ్."

"ఒక్కటైతే సరే. వరసగా రెండు..."

"డైరెక్టరుగారు భోజనానికొచ్చిన రోజే కనపడాలా నీ గ్రహాలు? గ్లాసు తే."

పోయినేడూ ఇదే మాట. తీసేయమన్నాడు, తీసేసింది. తర్వాత వేరే దేశం వాళ్ళు అదే చోట గ్రహాన్ని పట్టుకున్నారు. "మా ఆవిడ చూసుకోలేదండీ. ఇంట్లో పాలూ ఇలాగే పొంగబెడుతుంది," అన్నాడు మీటింగులో. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

"ఆ ఫోను అవతల పెట్టమ్మాయ్," అత్తగారు కంచాలు అందిస్తూ అంది. "వాడి పేరు నిలబడితే నీ పేరు నిలబడ్డట్టే కదా."

డైరెక్టరుకి వాళ్ళ పని ఎలాంటిదో చూపించడానికి హాల్లో తెరలు వేశారు. టేబులు మీద ఒక్క దీపం. దాని ముందునుంచి గ్లాసు పట్టుకుని నడవడమే ఆమె పని.

"ఈ దీపం దూరపు నక్షత్రం," భర్త గొంతు సవరించుకున్నాడు. "దాని ముందు నడిచే గ్లాసు మసక నక్షత్రం. మన కంటికి ఆనదు. కానీ దాని బరువుకి వెనకాలి వెలుగు వంగి, పోగై మనకి చేరుతుంది. ఆ మసకదానికో గ్రహం ఉంటే వెలుగులో చిన్న కుదుపు, కొన్ని గంటలే. ఆ రెండు నక్షత్రాలూ మళ్ళీ మన జన్మలో అలా కలవవు. నువ్వు కాస్త వంగి నడువోయ్, గ్లాసు కనపడితే చాలు, నువ్వు కనపడక్కర్లేదు!"

డైరెక్టరు పకపకా నవ్వాడు. గ్లాసులోంచి పోగైన వెలుగు ఆయన చొక్కా మీద భగ్గుమంది.

ఆమె ఆగిపోయింది. పొరపాటైతే కొండ మీద ఈ రాత్రంతా టెలిస్కోపు వృథా, ఉద్యోగం గోవిందా. నిజమై తను నోరు మూసుకుంటే ఆ లోకం ఎవరికీ దొరకదు.

"నడువు, ఆగావేం?"

గ్లాసు డైరెక్టరు ముందు పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. ఫోను తీసింది. కొండ మీది ఆపరేటరు ఎత్తాడు.

"సార్ ఒప్పుకున్నారా మేడం?"

"లేదు. నా మాట మీద టెలిస్కోపు దాని మీదే ఉంచు. మిగతా టెలిస్కోపులన్నిటికీ కబురు పంపుతున్నాను. కింద నా పేరే."

ఆమె వెనకాల వంటింటి తలుపు మూసుకుంది. భర్త పళ్ళు కొరుకుతున్నాడు. "తప్పయితే?"

"తప్పూ నాదే."

"రేపట్నుంచి నీకు ఆఫీసు లేదు. ఇంట్లో పడుండు."

ఆమె ఫోను వైపు చూసింది. మూడో చుక్క ఇంకా పడలేదు. దాని కోసం ఆగలేదు.

"ఆఫీసు సంగతి మీరు తేల్చండి," అంది చేతులు తుడుచుకుంటూ. "ఇంటి సంగతి నేను తేల్చేసుకున్నాను."