చూపించుకునే రోజు

“పడక చూపించమంటోందిరా!” అన్నారు అత్తగారు, ఫోను చెవికి ఆనించుకుని. వీడియో కాల్‌ని కూడా ఆవిడ చెవితోనే చూస్తారు.

“పడకెందుకమ్మా?” అన్నాడు కొడుకు.

“నల్లులున్నాయేమో చూస్తుంది కాబోలు. దుప్పటి మార్చవే, పరువు పోతుంది!”

ఫోనులోంచి డాక్టరమ్మ పగలబడి నవ్వింది. “పడక కాదండీ, నడక! మీ కోడలు ఎలా నడుస్తారో చూడాలి.”

కొడుకు ఫోను అందుకుని పట్టుకున్నాడు. కోడలు నడిచింది. ఆ ఇంట్లో ఆమెకు పెట్టిన పేరు నత్త. అత్తా నత్తా ఒకే కప్పు కింద ఉంటే పాకేదెవరో, పాకించేదెవరో వేరే చెప్పాలా? కొన్నేళ్లుగా ఆమె ఒంట్లో బలం పొద్దున్న ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ దిగిపోతుంది. మధ్యాహ్నానికి చెయ్యి లేవదు, సాయంత్రానికి ముద్ద నమలలేదు. ఎక్కని ఆసుపత్రి మెట్టు లేదు. “రిపోర్టులన్నీ నార్మల్, నువ్వొక్కదానివే అబ్‌నార్మల్,” అని మొగుడి చమత్కారం. “పని కనబడితే నీరసం, మంచం కనబడితే హుషారు,” అని అత్తగారి రోగనిర్ధారణ. ఎవరికీ అంతుపట్టని జబ్బులే చూసే ఈ దూరాభారపు డాక్టరమ్మే ఆఖరు. ఈవిడకీ ఏమీ కనబడకపోతే ఇక జబ్బు మాట ఎత్తకూడదని ఆయన తేల్చేశాడు.

అటూ ఇటూ నడుస్తుంటే కాళ్లకంటే ముందు మనసు పరిగెత్తింది. ఇవాళ కాళ్లు ఇంత బుద్ధిగా నడుస్తున్నాయేం? నిన్న ఇదే గుమ్మం దగ్గర కూలబడ్డానే! జబ్బుందంటే భయం, లేదంటే అంతకన్నా భయం. లేదంటే నేను నటిస్తున్నట్టేగా? నాకు తెలియకుండా నన్ను నేనే మోసం చేసుకుంటున్నానా?

“నడక బాగానే ఉందే,” అంది డాక్టరమ్మ, కాస్త నిరాశగా.

“మాకు మొదట్నుంచీ అంతేనండీ,” అన్నాడు ఆయన. ఆమె నీరసాన్ని ఎప్పుడూ ఆయనే బహువచనంలో అనుభవిస్తాడు. “డాక్టర్ని చూస్తే చాలు, తగ్గిపోతుంది.”

ఆ మాట ఆమెకు ఎక్కడో తగిలింది. డాక్టర్ని చూస్తేనా? డాక్టర్ని చూసే రోజున ఏం జరుగుతుంది? “అక్కడ పీనుగులా కూర్చుని మా పరువు తీయకు,” అని పొద్దుటినుంచీ పనికి సెలవిస్తారు. పడుకోమంటారు. ఇస్త్రీ చీర కట్టుకోమంటారు. ఇవాళా అంతే.

ఆమె ఆయన చేతిలోంచి ఫోను తీసుకుంది. “డాక్టరుగారూ, కాసేపు పెట్టేయకండి. నేను మాట్లాడను. చూస్తూ ఉండండి, చాలు.”

వంటింట్లో ఫోనుని పంచదార డబ్బాకి ఆనించి, కొంగు దోపింది. గిన్నెలు తోమింది, కడిగింది, ఒక్కొక్కటే పై అరలో సర్దింది. “డాక్టరుకి అంట్లు చూపిస్తావుటే!” అని అత్తగారు తల బాదుకున్నారు. చెయ్యి మొదట తేలిగ్గా లేచింది. తర్వాత మోచేతి దగ్గర ఆగింది. ఎడమ కనురెప్ప వాలింది. ఇత్తడి గిన్నె జారి గచ్చు మీద గింగిరాలు తిరిగింది.

“ఆగండి! కూర్చోండి, కళ్లు మూసుకోండి,” అంది డాక్టరమ్మ. కాసేపయ్యాక తెరవమంది. వాలిన రెప్ప మళ్లీ లేచింది.

“చూశారా? పని చేసేకొద్దీ కండరాలకు కబురు అందడం లేదు, విశ్రాంతి ఇస్తే అందుతోంది. అరుదైన జబ్బు కావచ్చు. పేరు ఖాయం చేయడానికి పరీక్షలు రాస్తాను. నటన మాత్రం కాదు. కావాలని ఎవరూ తమ రెప్పని ఇలా వాల్చలేరు.”

కుళాయి కారుతూనే ఉంది. ఆమె కట్టేయడానికి లేవలేదు. అత్తగారు కొడుకు వంక చూశారు, కొడుకు కుళాయి వంక చూశాడు.

“మరి ఇంతమంది డాక్టర్లకి చూపించాం కదండీ,” అన్నాడు ఆయన నెమ్మదిగా, “ఎవరికీ ఎందుకు కనబడలేదు?”

డాక్టరమ్మ నోరు తెరిచేలోపే ఆమె అంది: “మీరు ఇన్నాళ్లూ వాళ్లకి చూపించింది నా సెలవుల్నండీ. నా జబ్బు పనిరోజుల్లో ఉంటుంది.”