ఏడో ఫారం

బైండింగు షెడ్డులో అందరూ ఆమెను పిచ్చుక అనేవారు. పిట్ట కొంచెం, కూత ఘనం. ఇంటి గడప దాటి లోపలికి అడుగుపెడితే మాత్రం ఆ కూత పెగిలేది కాదు. లోపల అమ్మ ఉండేది.

అద్దకం మిల్లులో జారిపడి అమ్మ నడుం విరగ్గొట్టుకున్నప్పుడు డాక్టరు నొప్పి మాత్రలు రాశాడు. నడుం అతుక్కుంది గాని మాత్రలు వదల్లేదు. ఈ మూడేళ్లలో వాటికోసం కుక్కరు మూతతో కూతురి పన్ను రాలగొట్టింది. ఒకసారి కాగే నీళ్లు మీద కుమ్మరించింది.

ఆ వారం షెడ్డుకి ఒక నవల పని వచ్చింది. పదహారేసి పేజీల ఫారాలు ప్రెస్సు నుంచి రోజుకొకటి దిగుతుంటే, పిచ్చుక మడతపెడుతూ చదివేది. కథలో తాగుబోతు తండ్రి కొడుకుని చావబాదేవాడు, కాళ్లు పట్టుకుని ఏడ్చేవాడు, తెల్లారితే మళ్లీ బాదేవాడు.

"ఈ రాసినాయన మా అటక మీద కూర్చుని రాశాడేంటి బాబాయ్?" అంది ఫోర్‌మన్‌తో. నవ్వబోయి, మడత మీదికి వంగింది.

ఆరో ఫారంలో కొడుకు తండ్రిని మంచానికి కట్టేశాడు, మూడు రోజులు కడితే విషం దిగిపోతుందని.

మర్నాడు పొద్దున్నే అమ్మ కూరల కత్తి ఎత్తింది.

"దాచిన మాత్రలు తీస్తావా, నిన్ను తరగమంటావా?"

అంటూనే వేసిన వేటు భుజంలో దిగింది. పిచ్చుక ఆమెను మంచం మీదికి తోసి, మోకాలితో అదిమిపట్టి, నైలాన్ తాడుతో కాళ్లూ చేతులూ కట్టేసింది. అమ్మ కూతురి ముఖాన ఉమ్మింది.

"కన్నరోజే నీ గొంతు నులమాల్సింది!"

"నులిమితే పీడా పోయేది. పడుకో."

భుజానికి గుడ్డ చుట్టుకుని పనికెళ్లింది. ఏడో ఫారం అప్పుడే దిగింది. రెండో పేజీలోనే తండ్రి పెనుగులాటలో తాడు మెడకు బిగుసుకుంది. కొడుకు వచ్చేసరికి శవం.

పిచ్చుక పరుగెత్తింది. "రక్తం కారుతోందే!" అంటూ ఫోర్‌మన్ వెనకాలే వచ్చాడు.

ఇంట్లో మంచం తిరగబడి ఉంది. దాని కింద అమ్మ. తాడు మణికట్లను కోసేసింది, ఒక మెలిక గొంతు మీద పడింది. ఊపిరి మాత్రం ఉంది. పిచ్చుక తాడు కోసి చెయ్యి విడిపించగానే అమ్మ కూతురి జుట్టు పట్టుకుని నుదుటిని నేలకేసి కొట్టింది. మళ్లీ కొట్టింది. మూడోసారి చేతిలో సత్తువ లేకపోయింది.

"ఎందుకొచ్చావే? కాసేపాగితే పోయేదాన్నిగా!"

"పోనివ్వను. కొట్టు, ఎంత కొడతావో!"

ఫోర్‌మన్ ఆటో పిలిచి ఇద్దరినీ ఆసుపత్రిలో చేర్చాడు. కూతురికి భుజానికీ నుదుటికీ కలిపి పద్నాలుగు కుట్లు పడ్డాయి. అక్కడ మాత్రలు ఆపేస్తే, పది రోజులు అమ్మ నర్సులను కరిచింది, తిట్టింది, గోడకి తల బాదుకుంది. పదకొండో రోజు కూతురి నుదురు చూసి, "ఎవరే నిన్ను కొట్టింది?" అని అడిగింది. నిజంగానే తెలియదు.

పిచ్చుక నుదుటి కుట్లు తడుముకుంది.

"నువ్వేనమ్మా."

అమ్మ దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. దాని కింద భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పిచ్చుక ఓదార్చలేదు. అలాగని లేచి వెళ్లనూ లేదు.