అక్క పెట్టిన మడతలు

కాలు విరిగినప్పటినుంచి మా అక్క పరుగెత్తేది ఒక్కచోటే, ఆన్‌లైన్ లోకంలో నేను కట్టిన దాగుడుమూతల ఊళ్లో. మిగతా రోజంతా కుట్టుమిషను ముందే. నేనుండేది దూరంగా, పళ్ళ డాక్టరు దగ్గర పని. సాయంత్రం ఇద్దరం హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆ ఊళ్లో కలుస్తాం. అక్కడ అక్క ఎర్ర గౌను వేసుకుని లేడిపిల్లలా దూకుతుంది, పడీపడీ నవ్వుతుంది. ఆ నవ్వు కోసమే నేనా ఊరు కట్టాను.

గోడలన్నీ కావాలనే వంకరగా పెట్టాను. ఎక్కడ వంకర ఉంటే అక్కడ నక్కొచ్చు. కట్టే హక్కు అక్కకూ ఇచ్చాను, బుద్ధి తక్కువై. ఆదివారం ఆటకు పదిమందిని పిలిచాను.

తీరా చూస్తే ఊరంతా స్కేలు పెట్టి గీసినట్టుంది! వంకర అంచు కనబడితే అక్క చెయ్యి ఊరుకోదు. నాకు చెప్పకుండా గోడలన్నీ తిన్నగా సరిచేసి పెట్టింది. వచ్చినవాళ్ళు దాక్కోవడానికి చోటు లేక, కాసేపు దిక్కులు చూసి వెళ్ళిపోయారు.

"నీకు సాయం చేద్దామనుకున్నానే," అంది అక్క.

"సాయమా? నా కొంప ముంచావు!"

నా నోటికి అడ్డూ అదుపూ లేదని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఎప్పుడూ రెండింతలు తిట్టే అక్క ఈసారి తిట్టలేదు. అందుకే భయం వేసింది.

"నాకెందుకులేవే ఈ ఆటలు. మీరు ఆడుకోండి."

మర్నాడు రాలేదు. ఫోన్ చేస్తే "పనుంది" అంది. మిషను చప్పుడు మాత్రం వినబడలేదు. అక్క మళ్ళీ మిషను ముందు కుర్చీకే అతుక్కుపోతే ఆ పాపం నాదే.

పాత వంకరలే మళ్ళీ కడదామని సాయంత్రం ఊళ్లోకి వెళ్ళాను. గోడలు అప్పటికే మారిపోయి ఉన్నాయి. ఈ చివరినుంచి ఆ చివరిదాకా కుచ్చుల గౌనులా మడతలే మడతలు. ప్రతి మడతలోనూ ఒక మనిషి పట్టేంత చోటుంది. ఒప్పుకోవాలి, నా సందులకంటే ఇవే నయం.

చెవిలో అక్క గొంతు వినబడింది. "గుడ్డ తిన్నగా ఉంటేనే కదే మడతలు కుదిరేది. ఊ, కళ్ళు మూసుకుని లెక్కపెట్టు!"

లెక్కపెట్టి వెతకడం మొదలుపెట్టాను. ఒక మడతలోంచి ఎర్ర గౌను అంచు బయటికి కనబడుతోంది. నవ్వు ఆపుకోలేక అక్క పడే అవస్థ కూడా వినబడుతోంది.

"ఎక్కడున్నావక్కా? నా వల్ల కాదు బాబోయ్, ఓడిపోయాను," అంటూ ఆ మడత ముందునుంచే దాటి వెళ్ళాను.

నా వెనకనుంచి అక్క పరుగందుకుంది.